ఆవాజ్ కూడా ఒక హునరే: ముర్రే వాకర్ జిందగీ, మన ఆటోనగర్



తారీఖ్ అనగానే మనవాళ్ళకు నవాబులు, జంగులు, కోటలు గుర్తొస్తాయి. అవీ తారీఖే. కానీ కృష్ణా డెల్టాలో మన ఇళ్ళల్లో చాలామందికి రోజీ పెట్టింది కోట కాదు, ఇంజను. బెజవాడ ఆటోనగర్‌లో పానా పట్టిన చేతుల్లో, లారీ బాడీ కట్టిన చేతుల్లో, పెయింటు గన్ను పట్టిన చేతుల్లో మన బిరాదరీ చేతులు ఎన్నో. అందుకే ఈసారి ఇంజన్ల దునియాలోంచే ఒక మనిషి జిందగీ చెబుతాను. ఆయన మెకానిక్ కాదు, పేరుమోసిన డ్రైవరూ కాదు. మోటార్ రేసుల్ని మాటల్లో చెప్పడమే ఆయన పని. యాభై ఏళ్ళకు పైగా ఆ పని చేశారు. పేరు ముర్రే వాకర్. పుట్టింది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో, 1923 అక్టోబర్ 10న. ఇంతెకాల్ అయ్యింది 2021 మార్చి 13న, 97 ఏళ్ళ వయసులో.

ఆ గోరా ముసలాయనతో మనకేం పని అని అడుగుతారని తెలుసు. జవాబు చివర్లో చెబుతాను. ముందు కథ వినండి.

1948 డిసెంబర్ 1న బెజవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. బందరు రోడ్డులో పున్నమ్మతోట అంటే మన పెద్దవాళ్ళకు ఇప్పటికీ రేడియో స్టేషనే. అక్కణ్ణుంచి వచ్చిన ఆవాజ్‌లతోనే డెల్టా పల్లెలకు పొద్దు తెల్లారేది. ఉషశ్రీ గారు భద్రాచలం కల్యాణానికి ప్రత్యక్ష వ్యాఖ్యానం చెబుతుంటే, గుడి ఎప్పుడూ చూడనివాళ్ళ కళ్ళకు కూడా పందిరి, జనం, వాద్యాలు కనబడేవి. మతం ఏదైనా, ఆ గొంతు తెలియని ఇల్లు ఆ రోజుల్లో అరుదు. ఎదుట లేనిదాన్ని మాటతో ఎదుట నిలబెట్టడం ఎంత పెద్ద ఫన్నో మన ప్రాంతానికి రేడియోనే నేర్పింది.

అదే 1948లో, ఇంగ్లండ్‌లో షెల్స్‌లీ వాల్ష్ అనే చోట ఒక పందెం జరిగింది. కొండదారి మీద కార్లు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కుతాయి, గడియారంతో పోటీ పడతాయి. అక్కడ మైకు పట్టుకుని జనానికి సంగతులు చెప్పిన కుర్రాడికి ఇరవై నాలుగేళ్ళు. అతనే ముర్రే. మరుసటి ఏడాది, 1949 మే నెలలో, సిల్వర్‌స్టోన్‌లో జరిగిన బ్రిటిష్ గ్రాండ్ ప్రి రేసుకు బి.బి.సి. రేడియో అతన్ని ఒక మలుపు దగ్గర నిలబెట్టింది.

ఆ మొదటి రేసులోనే ఒక కఠినమైన ఇమ్తిహాన్ ఎదురైంది. జాన్ బోల్‌స్టర్ అనే డ్రైవర్ కారు అతని కళ్ళముందే పల్టీలు కొట్టింది. మనిషి పోయాడనే అనుకున్నాడు ముర్రే. నోట్లో మైకు, చెవిలో జనం, ఎదుట రక్తం. ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు. బోల్‌స్టర్ దారి తప్పి పడిపోయాడని పొడిగా ఒక మాట చెప్పి ఊరుకున్నాడు. రేడియో దగ్గర ఆ డ్రైవర్ ఇంటివాళ్ళు కూర్చుని ఉండవచ్చు కదా. బోల్‌స్టర్ బతికాడు, తర్వాత మోటార్ పత్రికల్లో పేరున్న రచయిత అయ్యాడు. ఆ రోజు ముర్రే నోరు జారి మౌత్ ఖబర్ చెప్పి ఉంటే ఆ ఇంట్లో ఏం జరిగేదో ఆలోచించండి. మాటకు ముందు ఆగడం అన్నది ఆయన పేషాలో మొదటి సబక్.

ఇక తండ్రి సంగతి. గ్రాహం వాకర్ తన జమానాలో మోటార్‌సైకిల్ రేసుల్లో గొప్ప పేరు. 1928లో ఐర్లండ్‌లో అల్‌స్టర్ గ్రాండ్ ప్రి గెలిచారు. గంటకు ఎనభై మైళ్ళకు మించిన సగటు వేగంతో గెలిచిన మొదటి రోడ్డు రేసు అది. 1931లో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో టి.టి. రేసుల్లో లైట్‌వెయిట్ తరగతి గెలిచారు. రేసులు మానేశాక మోటార్‌సైకిల్ పత్రికకు సంపాదకుడయ్యారు, బి.బి.సి.కి కామెంటేటర్ అయ్యారు.

అలాంటి వాలిద్‌కు ఒక్కగానొక్క కొడుకు ముర్రే. సహజంగానే తనూ బైకు ఎక్కాడు, రేసులు ఆడాడు. కొన్ని గెలిచాడు కూడా. కానీ తండ్రి స్థాయి తనకు రాదని తొందరగానే అర్థమైంది. మన ఇళ్ళల్లోనూ ఇది చూస్తాం. ఉస్తాద్ కొడుకు ఉస్తాద్ కాలేకపోతే చుట్టాలు నవ్వుతారు, కొడుకు దిల్ విరిగిపోతుంది. ముర్రే దిల్ విరగలేదు. తండ్రి నడిపిన దారిలో నడపలేకపోతే, తండ్రి చెప్పిన దారిలో చెప్పవచ్చు కదా అనుకున్నాడు. 1949 నుంచి తండ్రీ కొడుకులిద్దరూ కలిసి టి.టి. రేసులకు కామెంటరీ చెప్పారు.

టి.టి. రేసు అంటే ఏమిటో ఒక మాట. ఆ దీవిలో రేసు ట్రాకు వేరుగా ఉండదు. ఊళ్ళ మధ్య నుంచి, కొండ మీద నుంచి పోయే మామూలు రోడ్లే ట్రాకు. ఒక్క చుట్టు సుమారు 60 కిలోమీటర్లు. మన లెక్కలో బెజవాడ నుంచి గుడివాడ దాటి పోయినంత దూరం. బైకులు ఒకేసారి బయల్దేరవు, కొంత సేపు విడిచి ఒక్కొక్కటిగా వదులుతారు. కాబట్టి ముందు కనబడిన బైకే ముందున్నట్టు కాదు. చేతిలో గడియారం, కాగితం, పెన్సిలు, బుర్రలో కూడికలు తీసివేతలు లేనిదే ఎవరు గెలుస్తున్నారో చెప్పలేరు. వేగంగా మాట్లాడితే చాలు కామెంటరీ అయిపోతుంది అనుకునేవాళ్ళకు ఈ ఒక్క సంగతి చాలు. మాట వెనుక హిసాబు ఉంది.

1962లో గ్రాహం వాకర్ ఇంతెకాల్ అయ్యారు. పదమూడేళ్ళు పక్కన కూర్చుని మాట్లాడిన తండ్రి లేడు. ఆ కుర్చీ కొడుక్కి వచ్చింది. బి.బి.సి.లో మోటార్‌సైకిల్ రేసుల పెద్ద గొంతు ఇక ముర్రేదే.

ఇక్కడ నౌజవానులు జాగ్రత్తగా వినాల్సిన సంగతి ఒకటుంది. ఈ కామెంటరీ ఆయనకు నౌకరీ కాదు. షౌక్ మాత్రమే. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన రాయల్ స్కాట్స్ గ్రేస్ దళంలో షెర్మన్ ట్యాంకు కమాండర్‌గా చేశారు, కెప్టెన్ హోదాతో బయటికొచ్చారు. తర్వాత డన్‌లప్ టైర్ల కంపెనీలో చేరారు. అక్కణ్ణుంచి ప్రకటనల రంగంలోకి వెళ్ళారు, ఒక పెద్ద ఏజెన్సీలో పైస్థాయికి ఎదిగారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా చాక్లెట్లు, పిట్టల గింజలు అమ్మడానికి తగిన మాటలు వెతకడం ఆయన పని. శని, ఆదివారాల్లో బురద మైదానాల్లో గెంతే మోటార్‌సైకిళ్ళకు, మట్టి ట్రాకుల మీద కార్ల పోటీలకు టీవీలో కామెంటరీ. మామూలు రోజుల కమాయితో ఇల్లు నడిచింది. వారాంతపు షౌక్‌తో ఆవాజ్ పెరిగింది.

ఆ ఏజెన్సీ ఉద్యోగం ఆయన వదిలింది 1982లో, 59 ఏళ్ళ వయసులో. అంటే మనవాళ్ళు ఇక ఇంట్లో కూర్చుని మనవల్ని ఎత్తుకుంటామనే వయసులో ముర్రే వాకర్ పూర్తికాలపు కామెంటేటర్ అయ్యారు. ఆయన పేరు దునియా అంతా మోగింది ఆ తర్వాతే. సబర్ అని మనం తేలిగ్గా అంటాం. సబర్ అంటే ఊరికే ఇంతజార్ చేయడం కాదు, ఇంతజార్ చేస్తూ ప్రతి వారం పని మెరుగుపరుచుకోవడం. ఈ మనిషి 34 ఏళ్ళు అదే చేశారు.

ఫార్ములా వన్ దగ్గరికి వద్దాం. 1976లో జేమ్స్ హంట్ అనే ఇంగ్లీషు డ్రైవర్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ గెలుపుతో ఇంగ్లండ్‌లో ఈ రేసుల మీద జనానికి మోజు పెరిగింది. 1978 నుంచి బి.బి.సి. ప్రతి రేసు ముఖ్యాంశాలనూ టీవీలో చూపించసాగింది. కామెంటరీ ముర్రేకి ఇచ్చారు. 1980 నుంచి పక్కన కుర్చీలో ఎవరు కూర్చున్నారో తెలుసా? ఆ జేమ్స్ హంటే.

ఇద్దరి మిజాజ్‌లూ ఉత్తర దక్షిణాలు. ముర్రే క్రమశిక్షణ మనిషి, రేసుకు రెండు రోజుల ముందే హాజిర్. హంట్ ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు, నచ్చని డ్రైవర్ని మొహమాటం లేకుండా కడిగేస్తాడు. ముర్రే నిలబడి, ఊగిపోతూ, కేకలు వేస్తూ చెప్పేవారు. హంట్ కుర్చీలో వాలిపోయి చల్లగా మాట్లాడేవాడు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడకుండా బి.బి.సి. వాళ్ళు ఒకే మైకు పెట్టారు. ఒకరి చేతిలోంచి ఇంకొకరు తీసుకోవాలి. ఒకసారి హంట్ మైకు లాక్కుంటే ముర్రే పిడికిలి ఎత్తారట. పక్కనున్న ప్రొడ్యూసర్ ఆపాల్సి వచ్చింది. ఈ సంగతి ముర్రేనే తర్వాత నవ్వుతూ చెప్పేవారు.

అయినా పదమూడేళ్ళు ఆ జోడీ నిలిచింది. ఎందుకంటే ఒకరికి తెలియనిది ఇంకొకరికి తెలుసు. ఏం జరుగుతోందో ముర్రే చెప్పేవారు. ఎందుకు జరుగుతోందో, స్టీరింగు పట్టిన మనిషి బుర్రలో ఏముందో హంట్ చెప్పేవాడు. 1993 జూన్ 15న హంట్ గుండెపోటుతో 45 ఏళ్ళకే పోయాడు. రెండు రోజుల ముందు కెనడా రేసుకు ఇద్దరూ కలిసే కామెంటరీ చెప్పారు. ఆ తర్వాత ముర్రే పక్కన జోనథన్ పామర్, మార్టిన్ బ్రండిల్ కూర్చున్నారు. ఇద్దరూ పాత డ్రైవర్లే. ఒక చెప్పేవాడు, ఒక నడిపినవాడు. మోటార్ రేసుల టీవీలో ఈ జోడీ పద్ధతి అలా స్థిరపడింది. ఈ రోజుకీ నడుస్తోంది.

టీవీ కామెంటరీలో కష్టం ఏమిటో కూడా తెలుసుకోవాలి. రేడియోలో చెప్పేవాడే మాలిక్, తను చూసినదాన్ని చెబుతాడు. టీవీలో అలా కాదు. ఏ కెమెరా బొమ్మ చూపించాలో వేరెవరో నిర్ణయిస్తారు. కామెంటేటర్ ఎదుట ఒక తెర, ఆ తెర మీద వచ్చినదాన్నే మాట్లాడాలి. చూసేవాడికి కూడా అదే కనబడుతోంది కాబట్టి కనబడినదాన్ని మళ్ళీ చెబితే లాభం లేదు, కనబడనిదేదో చేర్చాలి. తొలి రోజుల్లో దూరదేశాల రేసులైతే చాలాసార్లు ట్రాకు దగ్గరికి కూడా పంపేవాళ్ళు కాదు. లండన్‌లో గదిలో కూర్చుని, తెర చూస్తూ, అక్కడే ఉన్నట్టు చెప్పాల్సి వచ్చేది. గంటకు మూడు వందల కిలోమీటర్ల దగ్గర పరిగెత్తే కారులో ఉన్నదెవరో హెల్మెట్ రంగును బట్టి క్షణంలో పోల్చుకోవాలి.

అందుకు ముర్రే చేసిన తయారీ ఇదీ: ఇంట్లో కూర్చుని ప్రతి డ్రైవర్ గురించీ, ప్రతి కారు గురించీ చేత్తో నోట్సు రాసుకునేవారు. ట్రాకుకు పోతే షెడ్లన్నీ తిరిగేవారు. పెద్ద పెద్ద యజమానులతోనే కాదు, టైర్లు బిగించే కుర్రాళ్ళతో, ఇంజను దగ్గర మసిపట్టిన మెకానిక్‌లతో నిలబడి మాట్లాడేవారు. రేసులో ఒక కారు పొగ వదిలితే కారణం ఏమై ఉంటుందో ముందే సగం తెలిసేది అందుకే. ఇల్మ్ మైకు దగ్గర పుట్టదు. మసి దగ్గర పుడుతుంది, మైకు దాకా మోసుకు రావాలి.

ఇది రాస్తుంటే మా పెద్దమామూ గుర్తొస్తున్నారు. ఆటోనగర్‌లో డీజిల్ పంపులు, నాజిళ్ళ పని చేసేవారు. లారీ షెడ్డులోకి వస్తే బానెట్ ఎత్తేవారు కాదు. ముందు నిలబడి వినేవారు. తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకునేవారు. "మూడో సిలిండర్ నాజిల్ చూడు బేటా" అనేవారు. షాగిర్దులు విప్పితే అదే. ఎలా తెలిసింది మామూ అని అడిగితే "దాని ఆవాజే చెప్పింది" అని ఒక్క ముక్కతో సరిపెట్టేవారు. ఆ ఆవాజ్ ఎలా ఉంటుంది, మంచి నాజిల్ ఎలా పలుకుతుంది, చెడ్డది ఎలా దగ్గుతుంది అన్నది ఆయన ఎప్పుడూ మాటల్లో పెట్టలేదు. పెట్టమని మేమూ కూర్చోబెట్టి అడగలేదు. ఆయన పోయారు. ఆ చెవి కూడా ఆయనతోనే పోయింది.

మళ్ళీ ముర్రే దగ్గరికి. 1994 మే 1, ఇటలీలో ఇమోలా. ముందు రోజే అర్హత పోటీలో రోలాండ్ రాట్జెన్‌బర్గర్ అనే ఆస్ట్రియా డ్రైవర్ చనిపోయాడు. ఆదివారం రేసులో మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిర్టన్ సెన్నా కారు గోడను కొట్టింది. ప్రపంచమంతా చూస్తున్న బొమ్మల్లో హెలికాప్టర్ కెమెరా డాక్టర్లు చేస్తున్న పనిని పైనుంచి చూపిస్తోంది. బి.బి.సి. వాళ్ళు ఆ బొమ్మలు ఆపి, తమ సొంత కెమెరాను షెడ్ల వైపు తిప్పారు. ఇంటింటా ఉన్న జనానికి ఏం జరుగుతోందో ఆ కాసేపు ముర్రే గొంతే ఆధారం.

నలభై అయిదేళ్ళ కిందట సిల్వర్‌స్టోన్‌లో ఎదురైన ఇమ్తిహానే ఇది. ఈసారి ఇంకా పెద్దది. మనిషి బతకడం కష్టమని లోపల తెలుస్తూనే ఉంది. ఊహించి చెప్పకూడదు, అబద్ధం చెప్పకూడదు, మాట్లాడడం ఆపకూడదు. కంగారు పెంచకుండా, ఉన్నంతవరకే చెబుతూ ఆయన ఆ సమయాన్ని దాటించారు. సెన్నా మౌత్ ఖబర్ ఆ సాయంత్రం ఆస్పత్రి నుంచి వచ్చింది. ఇవాళ మన ఫోన్లలో ఏ యాక్సిడెంటు అయినా నిమిషంలో వీడియో వచ్చేస్తుంది. ఇంటివాళ్ళకు తెలియకముందే గ్రూపుల్లో తిరిగేస్తుంది. పోయినవాడి తల్లి ఆ వీడియోను ముందు చూడడం ఎంత జుల్మో మనకు తెలుసు. నోటిలో మాట, చేతిలో ఫోను, రెండూ అమానతే. ముర్రే వాకర్ ఆ అమానత్‌లో ఖయానత్ చేయలేదు.

రెండేళ్ళ తర్వాత ఇంకో రోజు. 1996 అక్టోబర్ 13, జపాన్‌లో సుజుకా. డేమన్ హిల్ రేసు గెలిచి ప్రపంచ ఛాంపియన్ అవుతున్నాడు. అతని తండ్రి గ్రాహం హిల్ 1962లో, 1968లో ప్రపంచ ఛాంపియన్. 1975లో విమాన ప్రమాదంలో పోయాడు. అప్పటికి డేమన్‌కు పదిహేనేళ్ళు. తండ్రి లేని ఆ పిల్లవాడు మోటార్‌సైకిళ్ళతో మొదలుపెట్టి, తండ్రి గెలిచిన కిరీటం దాకా వచ్చాడు. కారు గీత దాటగానే ముర్రే గొంతు పూడుకుపోయింది. గొంతులో ఏదో అడ్డుపడింది, ఇక ఆపాలి అని ప్రేక్షకులకే చెప్పి కాసేపు ఖామోష్ అయ్యారు. దేశంలో ఎంతోమందికి ఆయన చెప్పిన వేల గంటల కామెంటరీ కన్నా ఆ ఖామోషీ ఎక్కువ గుర్తుంది. తన తండ్రి పక్కన కూర్చుని మాట నేర్చుకున్న కొడుక్కి ఆ దృశ్యం ఏమై ఉంటుందో వేరే చెప్పాలా?

గల్తీలు చేయలేదా అంటే, బోలెడు చేశారు. వేగంలో పేర్లు తారుమారు చేసేవారు. ఇప్పుడేం ఫరవాలేదు అన్న క్షణంలోనే కారు ఆగిపోయేది. జనం ఆ తప్పుల్ని పోగుచేసి పుస్తకాల్లో వేసుకున్నారు. ఆయన కూడా వాటి మీద తనే ముందు నవ్వేవారు. కానీ నవ్వుకు ఒక హద్దు ఉందని ఆయనకు తెలుసు. 2000లో జర్మనీ రేసు మొదట్లోనే మైకేల్ షుమాకర్ కారు బయటికి పోతే, అది బారికెల్లో అని చెప్పారు. రెండూ ఎర్ర ఫెరారీలే, కానీ రోజూ పోల్చుకునే మనిషి ఆయన. పత్రికలు విరుచుకుపడ్డాయి. ఇక దిగిపోయే వేళ వచ్చిందని నిర్ణయించుకున్నారు. ఇంకొక్క ఏడాదే అన్నారు. 2001 సెప్టెంబర్ 30న అమెరికాలో ఇండియానాపోలిస్ రేసు ఆయన చివరి పూర్తి కామెంటరీ. ఆ ట్రాకు 1909లో ఇటుకలు పరిచి కట్టింది. ఆ పాత ఇటుకల్లో ఒకటి ఆయనకు తోహ్‌ఫాగా ఇచ్చారు. అప్పటికి ఆయన వయసు దాదాపు 78. మైకు పట్టడం ఎంత ఫన్నో, ఇజ్జత్‌తో దించడం కూడా అంతే ఫన్.

ఇదంతా విలాయతు కథ. మన వైపు దగ్గరగా ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. బెజవాడ నుంచి హైవే పట్టుకుని దక్షిణానికి పోతే వచ్చే చెన్నైలో, 1984లో పుట్టిన కరుణ్ చందోక్. ఆయన ఇంట్లోనూ ఇది విరాసత్‌గా వచ్చిందే. తాత ఇందు చందోక్ మద్రాసులో మోటార్ రేసుల క్లబ్బును నిలబెట్టినవాళ్ళలో ఒకరు. తండ్రి విక్కీ చందోక్ ర్యాలీ డ్రైవర్. కరుణ్ 2010 మార్చిలో బహ్రెయిన్‌లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టాడు. నరైన్ కార్తికేయన్ తర్వాత ఆ మెట్టు ఎక్కిన రెండో హిందుస్తానీ.

బహ్రెయిన్ మన ఇళ్ళల్లో తెలిసిన పేరే. గల్ఫ్‌లో కమాయించే బిడ్డలు డెల్టాలో ఎంతమంది లేరు! 2004లో అరబ్ గల్ఫ్‌లో మొదటి ఫార్ములా వన్ రేసు జరిగింది అక్కడే. గెలిచినవాళ్ళు షాంపేన్ చల్లుకునే ఆనవాయితీ అక్కడ లేదు. షరాబ్‌కు బదులు రోజ్‌వాటర్ కలిపిన షర్బత్ చల్లుకుంటారు. ఆ బహ్రెయిన్‌లో కరుణ్ మొదటిసారి తన కారు నడిపింది అర్హత పోటీలోనే. అంతకుముందు సాధన సమయంలో కారు తయారే కాలేదు. రేసులో రెండో చుట్టులోనే కారు దెబ్బతింది. పేద టీము, బలంలేని కారు. పది రేసుల తర్వాత ఆ సీటు పోయింది. మరుసటి ఏడాది వేరే టీములో ఒక్క రేసు దొరికింది, అంతే. 2012లో ఫ్రాన్స్‌లో జరిగే ఇరవై నాలుగు గంటల ల మాన్ రేసులో పాల్గొన్న మొదటి హిందుస్తానీ అయ్యాడు. ఆ కారు మొత్తం మీద ఆరో స్థానంలో వచ్చింది.

పదకొండు రేసులతో ఫార్ములా వన్ ముగిసిన మనిషి ఇంటికెళ్ళి కూర్చోవచ్చు. కరుణ్ మాట పట్టుకున్నాడు. ముందు రేడియో, తర్వాత ఇంగ్లండ్‌లో ఛానల్ 4, 2019 నుంచి స్కై స్పోర్ట్స్. కారు ఎందుకు జారింది, టైరు ఎక్కడ వేడెక్కింది, ఫలానా మలుపులో కాలు ఎప్పుడు తీయాలి అన్నది తెర మీద బొమ్మ ఆపి, వేలు పెట్టి చూపించి చెబుతాడు. హంట్ కూర్చున్న కుర్చీకి వారసుల్లో ఒకడు మన పక్క ఊరి మనిషి. నడిపిన పదకొండు రేసుల కన్నా చెప్పిన రేసులతోనే ఇవాళ దునియాకు ఎక్కువ తెలుసు. ఓడిపోయిన తజుర్బాను పారేయకుండా దానికి జబాన్ ఇచ్చాడు. ఆయన కామయాబీ అదే.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ రేసు జరిగింది. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అన్నీ బ్యాటరీ కార్లు. ఇంజను గర్జన లేదు, సన్నటి ఈల లాంటి చప్పుడు తప్ప. ఆ ఈల మన ఆటోనగర్‌కు ఒక ఖబర్. 1960లలో మొదలైన ఆ పేటలో మూడు నస్ల్‌లు పెట్రోలు, డీజిలు మీద బతికాయి. ఇప్పుడు బెజవాడ రోడ్ల మీద బ్యాటరీ ఆటోలు, బ్యాటరీ స్కూటర్లు తిరుగుతున్నాయి. వాటికి నాజిల్ లేదు, పంపు లేదు, టాపెట్ శబ్దం లేదు. లారీలకు ఇంకా కొంత కాలం ఉంది. కానీ స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని రోగం చెప్పే ఉస్తాద్‌ల జమానా సాయంత్రానికి వచ్చింది.

ఈ ముసలాయనతో మనకేం పని అన్న సవాలుకు జవాబు ఇదే. మన దగ్గర చేతి హునర్ పుష్కలంగా ఉంది, దానికి జబాన్ ఇచ్చినవాళ్ళు తక్కువ. బండలాగుడు పోటీల్లో మైకు పట్టుకుని, ఎడ్ల జత ఎన్ని అడుగులు లాగిందో, ఎన్ని నిమిషాలు మిగిలాయో ఊపిరి తిప్పుకోకుండా చెప్పే మనిషిని డెల్టాలో అందరం చూశాం. మాట మనకు కొత్త కాదు. కానీ ఇంజను గురించి, రేసు గురించి, బండి గురించి మాట్లాడడం ఎవరో ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళ పని అని షెడ్డులో కుర్రాడు అనుకుంటాడు. పానా పట్టినవాడికి మాట ఎందుకని ఇంట్లోవాళ్ళు కూడా అనుకుంటారు. ముర్రే వాకర్ యూనివర్సిటీ చదివి మైకు దగ్గరికి రాలేదు. తండ్రి దగ్గర విని, మెకానిక్‌ల దగ్గర నిలబడి, చేత్తో రాసుకుని వచ్చారు. ఆ మూడూ మన పిల్లల అందుబాటులో ఉన్నాయి.

వాల్దైన్‌కు నా గుజారిష్ ఒక్కటే. మీ అబ్బాయి షెడ్డులో పనిచేస్తుంటే, వాడి చేతిలో ఉన్న ఫోను రీళ్ళు చూడడానికే కాదని చెప్పండి. మీ ఇంట్లో, మీ గల్లీలో అరవై దాటిన మేస్త్రీ ఉంటే, వించిపేటలో కానీ, గుడివాడలో కానీ, బందరులో కానీ, వాణ్ణి ఆయన పక్కన ఒక గంట కూర్చోబెట్టండి. పంపు ఎలా పలుకుతుంది, గేరుబాక్సు ఎప్పుడు ఏడుస్తుంది, పొగ రంగును బట్టి ఏం తెలుస్తుంది, ఇవి అడగమనండి. ఉర్దూలో చెబితే ఉర్దూలో, తెలుగులో చెబితే తెలుగులో, రికార్డు చేయమనండి. తర్వాత అదే సంగతి వాడి సొంత మాటల్లో పక్కింటివాళ్ళకు అర్థమయ్యేటట్టు చెప్పమనండి. మొదటిసారి తడబడతాడు. తడబడనివ్వండి. పదోసారికి గొంతు కుదురుకుంటుంది.

వాడు టీవీలో కామెంటేటర్ అవుతాడో లేదో నేను చెప్పలేను. కానీ ఆ మేస్త్రీ చెవిలో ఉన్నది ఆయనతో పాటు మట్టిలో కలవకుండా ఒక ఇంట్లోనైనా నిలుస్తుంది. బ్యాటరీ బండ్ల జమానాలో వాడికి వేరే రోజీ వెతుక్కోవాల్సి వచ్చినా, తెలిసినదాన్ని విడమరిచి చెప్పగల జబాన్ వాడి వెంట ఉంటుంది. ఆ జబాన్‌కు ఏ కంపెనీలోనైనా, ఏ ట్రైనింగ్ సెంటర్‌లోనైనా చోటు ఉంటుంది.